పాలకొండలా, జ్వాలా నరసింహుడి దారా: వాన వెలిశాక ఏది మేలు?

మూడు రోజులు ముసురు పట్టి నాలుగో రోజు ఎండ పొడిచిందంటే మా తమ్ముడు ఫోన్ చేస్తాడు. "అన్నా, వంకలు పారుతుంటాయి. యాడికి పోదాం?" వాడి మనసులో ఉండేది కడపను ఆనుకుని ఉన్న పాలకొండలే. మా ఆవిడది అహోబిలం. రెండు చోట్లకూ పలుమార్లు పోయొచ్చినోణ్ణని తీర్పు నా మీద పడేస్తారు. తలకోన ఊసెత్తకండి, అది 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, దాని లెక్క వేరు. ఇక్కడ మాట్లాడేది వానొస్తేనే కనిపించి, ఎండ ముదిరితే మాయమయ్యే నీళ్ల గురించి.

ముందు చూసుకోవాల్సింది దూరం కాదు, వాన పడి ఎన్నాళ్లయిందన్నది. మా కొండలు చాలావరకు గట్టి క్వార్ట్జైట్ బండ. బండ మీద పడిన వాన ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. కొండ చిన్నదైతే ఆ నీళ్లు వచ్చినంత వేగంగానే పోతాయి. పాలకొండల వంక అలాంటిదే. పెద్ద వాన మర్నాడు తెల్లగా నురగలు కక్కుతూ దూకిన ధార, మళ్లీ వాన పడకపోతే వారం తిరిగేసరికి బండ మీద తడి చారలా మిగులుతుంది. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన బంధువుల్ని "మహా గొప్పగా ఉంటుంది" అని వెంటబెట్టుకుని పోయాను, వాన పడిన పదో రోజున. గుండంలో మోకాలి లోతు పచ్చనీళ్లు, వాటి మీద నీటి పురుగులు. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో తీస్తారు.

అహోబిలంలో ఆ బాధ తక్కువ. అక్కడ వెనకాల ఉన్నది నల్లమల. పైనెక్కడో చిక్కటి అడవిలో పడిన వాన మెల్లగా దిగుతుంది, అక్కడి భవనాశి వాగు వాన పోయాక కూడా చాలా రోజులు గలగలమంటుంది. ఎగువ అహోబిలం గుడి దగ్గర మొదలుపెడితే వంక పక్కనే రాళ్ల దారి, ఆ తర్వాత మెట్లు. జ్వాలా నరసింహుడి గుహ దగ్గరపడేసరికి కొండ అంచు నుంచి నీళ్లు నేరుగా దారి మీదే పడుతుంటాయి. తప్పించుకునే వీల్లేదు, తడుస్తూ దాటాల్సిందే. చేతి సంచీలు నెత్తిన పెట్టుకుని ముసలవ్వలు "గోవిందా" అంటూ ఒక్క ఉదుటున దాటేస్తుంటే, ఫోన్ తడుస్తుందని ఆగిపోయిన కుర్రాళ్లు ముఖాలు చూసుకుంటుంటారు. పక్కనే రక్తగుండం. హిరణ్యకశిపుణ్ణి చంపిన స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు.

తోడు, ధైర్యం, వసతి కావాలంటే అహోబిలమే. దారి తప్పే భయం లేదు, ముందూ వెనకా జనం ఉంటారు. ఊతకు వెదురు కర్ర దొరుకుతుంది, ఎక్కలేని వాళ్లకు డోలీ ఉంది. చిక్కల్లా రోజంతా పోవడమే. కడప నుంచి మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి మీదుగా ఆళ్లగడ్డ, అక్కణ్ణుంచి దిగువ అహోబిలం, మళ్లీ ఎగువకు. పైన నడకకే మాకు పోను రాను నాలుగు గంటలు పట్టింది. కార్తీకంలో ఆదివారమైతే మెట్ల మీద వరస కట్టి నిలబడాలి, అడవికి వచ్చామా సంతకు వచ్చామా అనిపిస్తుంది.

పాలకొండలకు పొద్దున్నే చిత్రాన్నం మూట కట్టుకుని పోతే మధ్యాహ్నం సంగటికి ఇంట్లో ఉంటాం. నాకు నచ్చేది నీళ్ల కంటే ఆ కాలిబాటే. వాన వెలిసిన మర్నాడు ఎర్రచందనం చెట్టును దగ్గర నిలబడి చూడండి: బెరడు మొసలి తోలులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది, ఆ పగుళ్లలో నీళ్లు నిలిచి నల్లగా మెరుస్తుంది. ఇంత విలువైన చెట్టు లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు, ఈ శేషాచలం, పాలకొండ, లంకమల, నల్లమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప. దొంగల బెడద వల్ల అటవీ సిబ్బంది ఆపి అడుగుతారు, సంచి చూస్తారు. విసుక్కోకుండా చూపించి, లోపలికి వెళ్లొచ్చో లేదో వాళ్లనే అడగడం మంచిది. సాయంత్రం దాకా ఉండొద్దు, ఎలుగుబంట్లూ చిరుతలూ తిరిగే కొండలివి.

పాలకొండల మీద నాకున్న కోపం ఒక్కటే, సీసా పెంకులు. పోయినేడు గుండంలో దిగిన మా వాడి పాదం చీరుకుంది. చూస్తే పచ్చని గాజుముక్క, నీళ్లలో ఆకులాగే కనిపిస్తోంది. తాగి అక్కడే పగలగొట్టి పోయినోళ్లను ఏమనాలి? అప్పట్నుంచి చెప్పులు విప్పకుండానే దిగుతున్నాం. చెప్పులన్నా అరిగిన రబ్బరువి పనికిరావు. తడి బండ మీద నాచు కంటికి కనపడదు, కాలికి తగిలాకే తెలుస్తుంది.

లంకమల సంగతేంటని కొందరు అడుగుతారు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించింది ఆ పక్కనే. అభయారణ్యం, అనుమతులు, తెలిసిన మనిషి తోడు అన్నీ కావాలి. మొదటిసారి నడకకు పోయేవాళ్లకు నేను చెప్పను.

ఏ చోటైనా ఒకటి గుర్తుపెట్టుకోండి. తేటగా పారే వంక ఉన్నట్టుండి బురదరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, నీళ్ల చప్పుడు బరువెక్కినా ఫోటో సంగతి వదిలేసి గట్టెక్కాలి. మన నెత్తిన ఎండ ఉన్నా పైన కొండ మీద కురుస్తుండొచ్చు. వాయుగుండం కబురు ఉంటే అసలు పోనే పోవద్దు. 2021 నవంబర్‌లో చెయ్యేరు వరద ఊళ్లను ఎలా ముంచిందో చూసిన జిల్లా మాది.

నా తీర్పు ఎప్పుడూ ఒకేలా ఉండదు. వాన పడి రెండు రోజుల్లోపు, ఇద్దరు ముగ్గురు, కాళ్లలో సత్తువ ఉన్నోళ్లయితే పాలకొండలు. వారం దాటినా, అమ్మ వెంట వస్తానన్నా అహోబిలం. ఈసారి వాన శుక్రవారం రాత్రి పడింది, కాబట్టి ఆదివారం పాలకొండలే అని ఇంట్లో చెప్పేశా. మా ఆవిడ ఒప్పుకుంది గానీ, కార్తీకం మొదటి వారంలోనే అహోబిలానికి బండి మాట్లాడాలని రాయించుకుంది. తమ్ముడేమో ఇప్పుడే మళ్లీ ఫోన్ చేశాడు, ఉత్తరాన మబ్బు కమ్ముకుంటోందంట. ప్రయాణం మంగళవారానికి జరిపి నన్ను సెలవు పెట్టమంటున్నాడు.