టౌన్ కౌన్సిలా, డిస్ట్రిక్ట్ కౌన్సిలా: నిలబడితే దేనికి?

ఇంగ్లండ్‌లో మే నెల ఎలక్షన్లు దగ్గరపడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. "అన్నా, ఐఎల్ఆర్ (ఇక్కడ పర్మనెంట్‌గా ఉండే అనుమతి) వచ్చేసింది, ఇక్కడ మనముండే ఊరికి ఏదో ఒకటి చేద్దామనుంది, టౌన్ కౌన్సిల్‌కి నిలబడితే మేలా, డిస్ట్రిక్ట్‌కి నిలబడితే మేలా?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నా. నేను కూడా పోయినేడాది రెండిటి మధ్య ఊగి ఊగి చివరికి టౌన్ కౌన్సిల్లో చేరినవాణ్ణే కాబట్టి నా మొగ్గు ఎటో దాచేదేం లేదు.

ఓటు వెయ్యడానికైతే కామన్వెల్త్ వాళ్ళం కాబట్టి ఏ వీసా మీదున్నా వెయ్యొచ్చు, కానీ నిలబడాలంటే మాత్రం ఐఎల్ఆరో సిటిజన్‌షిప్పో ఉండాలి, ఇది రెండిటికీ ఒకటే. డిపాజిట్ దేనికీ లేదు. టౌన్ కౌన్సిల్‌కి ఒక వెసులుబాటు ఉంది, ఊళ్ళోనే ఉండక్కర్లేదు, ఏడాదిగా ఊరి హద్దుకి మూడు మైళ్ళ లోపల ఉంటున్నా చాలు. డిస్ట్రిక్ట్‌కి ఆ మూడు మైళ్ళ లెక్క చెల్లదు.

పేరు చూసి మోసపోకండి. టౌన్ కౌన్సిల్ అనగానే మనకి మునిసిపాలిటీ, కొళాయి, డ్రైనేజీ, ప్లాన్ అప్రూవల్ గుర్తొస్తాయి. ఇది అదేం కాదు, చట్టం లెక్కలో ఉత్త పారిష్ కౌన్సిలే, మన పంచాయతీ టైపు. 1972 చట్టం ప్రకారం పారిష్ కౌన్సిల్ ఏదైనా ఒక తీర్మానం చేసేసుకుని 'టౌన్' అని బోర్డు మార్చుకోవచ్చు, అప్పుడు ఛైర్మన్ గారు టౌన్ మేయర్ అయిపోయి మెడలో గొలుసు వేసుకుంటారు. అంతే తేడా. చెత్త డబ్బాలు, ఇళ్ళ ప్లానింగ్ డిస్ట్రిక్ట్ చూస్తుంది, రోడ్లు, స్కూళ్ళు దాని పైనున్న కౌంటీ. టౌన్ కౌన్సిల్‌కి మిగిలేది పార్కు, శ్మశానం, కమ్యూనిటీ హాలు, బస్ షెల్టరు, అలాట్‌మెంట్లు (కూరగాయలు పండించుకోడానికి అద్దెకిచ్చే స్థలాలు), ఊరి గడియారం.

"మరి ఇంత చిన్నదానికి ఎందుకన్నా?" అంటారు. ఇక్కడే నా లెక్క వేరు. ఎంత పెద్ద కౌన్సిలన్నది కాదు, నువ్వు చెయ్యెత్తితే పని జరుగుతుందా లేదా అన్నది చూడాలి.

నేను చేరకముందు రెండు చోట్లా వెనక కుర్చీలో కూర్చుని చూశా (మీటింగులకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, 1960 నుంచీ చట్టమే ఉంది). డిస్ట్రిక్ట్‌లో నలభై మంది పైనే ఉన్నారు, మైకులు, వాదనలు, రెండు గంటలు రంజుగానే సాగింది, తీరా బయటికొచ్చాక అందులో ఉన్న ఒక స్నేహితుడు "అదంతా నిన్న రాత్రి మా పార్టీ గ్రూప్ మీటింగ్‌లోనే తేలిపోయింది, ఇవాళ చేతులెత్తడమే" అన్నాడు. పార్టీ టికెట్ మీద గెలిచి క్యాబినెట్‌లో లేకపోతే వెనక బెంచీయే గతి. టౌన్ కౌన్సిల్‌కి వెళ్తే పన్నెండు మంది, హీటర్ సరిగ్గా పనిచెయ్యని గది, టీ ఫ్లాస్కు, ఒక బస్ షెల్టర్ అద్దం పగిలిందని ముప్పావు గంట చర్చ. నవ్వొచ్చింది నాకు. కానీ ఒకావిడ, రిటైర్డ్ నర్సు అనుకుంటా, అద్దం వద్దు, మళ్ళీ పగలగొడతారు, పాలీకార్బనేట్ షీట్ వేద్దాం, రేటు ఇదిగో అని కాగితం తీసింది, ఏడుగురు చెయ్యెత్తారు, అయిపోయింది. ఆరు వారాలకి ఆ స్టాప్‌లో వానకి తడవకుండా నిలబడ్డాను నేను.

డబ్బు సంగతీ అంతే. టౌన్ కౌన్సిల్‌కి కావాల్సింది ప్రీసెప్ట్ అని లెక్క వేసి డిస్ట్రిక్ట్‌కి చెప్తే వాళ్ళు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటిపన్ను) బిల్లులో కలిపి వసూలు చేసి ఇస్తారు. 5,000 ఇళ్ళున్న ఊరనుకోండి, ఇంటికి సగటున 5 పౌండ్లు పెంచితే 25,000 పౌండ్లు, దాంతో పిల్లల పార్కులో ఒక మూల బాగుచెయ్యొచ్చు. డిస్ట్రిక్ట్ ఒక హద్దు దాటి పెంచాలంటే జనం ఓటుకి వెళ్ళాలి, టౌన్ కౌన్సిల్‌కి ఆ హద్దు పెట్టలేదు. ఇది మంచిదో చెడ్డదో అనుమానమే, అందుకే జనవరి బడ్జెట్ మీటింగ్‌లో ఒక్కో పౌండుకీ కొట్టుకుంటాం.

మనవాళ్ళకి ఇంకో లాభం. దసరా, ఉగాది, బతుకమ్మ అని హాలు వెతుక్కునేది మనమే కదా, చాలా ఊళ్ళలో ఆ హాలు టౌన్ కౌన్సిల్‌దే. అలాట్‌మెంట్లూ వీళ్ళవే. పూర్తి ప్లాటు 10 రాడ్లు (పాత కొలత) అంటారు, ఏంటా అని లెక్క కడితే 302 గజాలు తేలింది, అంటే మన మూడొందల గజాల ప్లాటన్నమాట! ఏడాదికి కొద్ది అద్దెకి గోంగూర పండించుకోవచ్చు, చలికి ఎంత బతికితే అంత. 1908 చట్టం ప్రకారం ఊరి ఓటర్లు ఆరుగురు కలిసి మాకు స్థలం కావాలని రాసిస్తే కౌన్సిల్ పట్టించుకోక తప్పదు.

డిస్ట్రిక్ట్ గొప్ప లేదని కాదు. ఊరి చివర 300 ఇళ్ళు కట్టాలా వద్దా అన్నది అక్కడి ప్లానింగ్ కమిటీ తేలుస్తుంది, టౌన్ కౌన్సిల్ "మాకు అభ్యంతరం" అని ఉత్తరం రాయగలదంతే, వాళ్ళు దాన్ని చదివి పక్కన పెట్టగలరు, పెడతారు కూడా. నీకు మండేది ఇళ్ళ గురించే అయితే డిస్ట్రిక్ట్‌కే వెళ్ళు. అలవెన్సూ వస్తుంది, టౌన్ కౌన్సిల్లో చాలా చోట్ల పైసా రాదు. కాకపోతే 2024 డిసెంబర్ వైట్ పేపర్‌లో డిస్ట్రిక్ట్, కౌంటీ రెండంచెలూ తీసేసి యూనిటరీలు (రెండిటి పనీ చేసే ఒకే కౌన్సిల్) చేస్తామని గవర్నమెంట్ చెప్పింది, అంటే నువ్వు కష్టపడి గెలిచిన డిస్ట్రిక్ట్ నీ నాలుగేళ్ళు అయ్యేలోపే ఉండకపోవచ్చు. టౌన్ కౌన్సిల్‌ని ఎవరూ కదిలించట్లేదు, పైగా 2019లో డార్సెట్ కౌంటీ ఇలాగే యూనిటరీలుగా మారినప్పుడు అక్కడి వేమత్ ఊళ్ళో టౌన్ కౌన్సిల్ కొత్తగా పుట్టింది కూడా.

రెండిట్లోనూ ఉండేవాళ్ళున్నారు, రెండు టోపీల వాళ్ళంటారు. ఉద్యోగం, పిల్లలు ఉంటే వద్దు.

కౌంటీ అడక్కండి, అది పార్టీల యుద్ధం. స్కూల్ గవర్నర్ (స్కూల్ బోర్డు సభ్యత్వం) మంచిదే, కాకపోతే అది వేరే దారి.

టౌన్ కౌన్సిల్లో తలనొప్పులు లేవనుకోకండి. 2020 డిసెంబర్‌లో హ్యాండ్‌ఫోర్త్ అనే ఊరి పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్ వీడియో చాలామంది చూసే ఉంటారు, మీటింగ్ నడుపుతున్నావిడ మీద ఛైర్మన్ "నీకిక్కడ అధికారం లేదు జాకీ వీవర్" అని అరిచింది. అంత కాదు గానీ అలాంటి మనిషి ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. ఇంకోటి, అజెండాలో లేనిది నిర్ణయించడానికి వీల్లేదు, మూడు పూర్తి రోజుల ముందే అది బయట పెట్టాలి. నేను మొదటి మీటింగ్‌లోనే ఉత్సాహంగా క్రికెట్ నెట్ సంగతి ఎత్తితే క్లర్క్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి "వచ్చే నెల" అన్నారు. అన్నట్టు నిజంగా కౌన్సిల్ నడిపేది క్లర్కే, ఆవిడతో మంచిగా ఉండండి. ఆరు నెలలు ఒక్క మీటింగూ రాకపోతే సీటు పోతుంది.

చేరడం ఎలాగంటే, ఎలక్షన్ దాకా ఆగక్కర్లేదు. సీటు ఖాళీ అయితే నోటీసు పెడతారు, 14 పనిదినాల్లో పదిమంది ఓటర్లు ఎలక్షన్ కావాలని అడగకపోతే కౌన్సిలే ఎవరినో ఒకర్ని కో-ఆప్ట్ చేసుకుంటుంది. నేనలాగే వచ్చా, పోటీకి ఇంకొకాయన మాత్రమే ఉన్నాడు, ఆయనా వానొచ్చిందని రాలేదు. మా దగ్గర ఇప్పుడు ఇంకో సీటు ఖాళీగా ఉంది, నోటీసు లైబ్రరీ పక్క గాజు బోర్డులో ఉంది, లోపల తడి చేరి సగం అక్షరాలు కనబడట్లేదు గానీ దగ్గరకెళ్తే చదవొచ్చు.