బెర్లిన్ ఎక్స్చేంజ్‌కి వెళ్లేవాళ్లకి: మెయిల్ బాక్స్ మీద మీ పేరు అతికించనివ్వని రూమ్‌కి డబ్బు కట్టకండి

ముందే చెప్పేస్తున్నాను. ఎక్స్చేంజ్ స్టూడెంట్‌గా బెర్లిన్ వెళ్తుంటే ఏ కన్సల్టెన్సీ దగ్గరా 'సెటిల్‌మెంట్ ప్యాకేజీ' కొనకండి. కొనాలని మరీ మనసు లాగితే ఇది చదివాక కొనండి. నేను విమానం ఎక్కకముందే సర్వీస్ ఛార్జీ 450, రూమ్ డిపాజిట్ 1,240, మొదటి నెల అద్దె 620, మొత్తం 2,310 యూరోలు కట్టేశాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కరి గొడవ కాదు. నాతోపాటు వచ్చిన ఇద్దరు వేరే వేరే చోట్ల దాదాపు ఇదే ప్యాకేజీ కొని ఇలాగే ఇరుక్కున్నారు.

ప్యాకేజీలో ఉన్నవి: అడ్మిషన్ సాయం, రూమ్ గ్యారంటీ, హెల్త్ ఇన్సూరెన్స్, బ్యాంక్ ఖాతా, ఎయిర్‌పోర్ట్ పికప్. "అన్నీ మేం చూసుకుంటాం తమ్ముడూ, నువ్వు బ్యాగు సర్దుకో చాలు" అన్నారు. అబద్ధం ఎందుకు, ఎయిర్‌పోర్టుకి మనిషి వచ్చాడు. నా పేరు తప్పుగా రాసుకొచ్చాడు గానీ, వచ్చాడు. సరిగ్గా జరిగింది అదొక్కటే.

అడ్మిషన్ సాయం అనేది అసలు ఎవరూ చేయగలిగిన పని కాదు. ఎక్స్చేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం. మన కాలేజీ మనల్ని నామినేట్ చేస్తుంది, అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు నేరుగా మనకే మెయిల్ పంపుతుంది. సెమిస్టర్‌కి మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల లెక్క) క్రెడిట్లు, ఏ సబ్జెక్టులు తీసుకుంటామన్నది లెర్నింగ్ అగ్రిమెంట్‌లో మన ప్రొఫెసరే సంతకం పెట్టి ఖాయం చేస్తారు. మధ్యలో ఏజెంటుకి పని ఎక్కడుంది? నా విషయంలో ఆయన చేసిందల్లా నాకొచ్చిన మెయిల్‌ని నాకే ఫార్వర్డ్ చేయమని అడిగి, మళ్లీ నాకే వివరించడం.

ఇక రూమ్ సంగతి. నాయ్‌కోల్న్ ప్రాంతంలో, నాలుగో అంతస్తు. కిటికీ తెరిస్తే చెట్టు. చూడగానే నచ్చింది, దాచడం ఎందుకు. తాళం ఇచ్చిన మనిషి ఇంటి ఓనర్ కాదు, ఆ ఫ్లాట్‌ని అద్దెకు తీసుకున్న అసలు కిరాయిదారు. వైఫై పాస్‌వర్డ్ చెప్పి, చెత్త ఏ డబ్బాలో వేయాలో చూపించి, వెళ్తూ వెళ్తూ అన్నాడు: "కింద మెయిల్ బాక్స్ మీద నీ పేరు అతికించకు."

అప్పటికి నాకు అందులో తప్పేం కనిపించలేదు. జర్మనీలో మామూలుగా ఫ్లాట్ నంబర్లు ఉండవని, ఉత్తరాలు పేరు చూసే వేస్తారని తెలియదు మరి. గుమ్మం పక్కన బెల్లుల వరుసలో, లోపల రేకు పెట్టెల మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ దృష్టిలో మనం ఆ ఇంట్లో లేనట్టే. ఇక్కడేమో బ్యాంకు పిన్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబర్ అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. నా ఇన్సూరెన్స్ కార్డు వెనక్కి వెళ్లిపోయిందని తెలిసిన రోజు రాత్రి చిన్న కాగితం మీద పేరు రాసి, టేపు వేసి అతికించాను. పొద్దున చూస్తే కాగితం లేదు, టేపు జిగురు మాత్రం మిగిలింది.

అసలు దెబ్బ ఆన్‌మెల్డుంగ్ దగ్గర తగిలింది. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు బ్యుర్గరామ్ట్ అనే ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, అది అక్కడి చట్టం. దానికి 'ఈ మనిషి మా ఇంట్లో దిగాడు' అని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. 2015 నవంబర్ నుంచి అది లేకుండా నమోదు జరగదు. ఆ కాగితం మీద అసలు కిరాయిదారు కూడా సంతకం పెట్టొచ్చు. మనవాడు పెట్టనన్నాడు. ఓనర్‌కి చెప్పకుండా ఇచ్చిన రూమ్ కాబట్టి, పెడితే బయటపడుతుందని భయం. ఏజెంటుకి ఫోన్ చేస్తే తాపీగా చెప్పాడు: "ఒప్పందంలో రూమ్ గ్యారంటీ అని రాశాం తమ్ముడూ, రిజిస్ట్రేషన్ గ్యారంటీ అని రాయలేదు కదా."

తీసి చూశాను. నిజంగానే రాయలేదు.

ఆ ఒక్క కాగితం లేకపోతే మిగతావన్నీ ఆగిపోతాయి. నాది రెండు సెమిస్టర్ల ఎక్స్చేంజ్, వీసా ఆరు నెలలకే ఇచ్చారు. పొడిగించుకోవాలంటే చిరునామా నమోదు చూపించాలి. పార్ట్‌టైమ్ పనికి కావాల్సిన ట్యాక్స్ నంబర్ నమోదు తర్వాతే ఇంటికి వస్తుంది. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో వేసిన డబ్బు (నెలకు 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు) నెలనెలా మన చేతికి రావాలంటే మామూలు ఖాతా ఉండాలి. ప్యాకేజీవాళ్లు చూపించిన బ్యాంకేమో ఖాతా తెరవడానికి ఆన్‌మెల్డుంగ్ అడిగింది. నా డబ్బు నాకే అందక నెలన్నర స్నేహితుల దగ్గర అప్పు చేసి తిన్నాను. ఇంట్లో చెప్పలేదు, అమ్మకి టెన్షన్ అని.

ఈలోగా అసలు కిరాయిదారే ఒక ఉపాయం చెప్పాడు. తనకి తెలిసినవాళ్ల చిరునామా మీద కాగితం ఇప్పిస్తాడట, 150 యూరోలు. పొరపాటున కూడా దీనికి ఒప్పుకోకండి. మనం దిగని ఇంటి చిరునామాని ఇలా నమోదుకి ఇచ్చేవాళ్లకి అక్కడ 50,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. తీసుకున్న మనమూ చిక్కుల్లో పడతాం, పైగా వీసా పొడిగింపు సమయంలో.

ఇన్సూరెన్స్ కథ క్లుప్తంగా. నా పేరు మీద వాళ్లు కొన్నది చవక ప్రైవేటు పాలసీ. దాంతో ఎన్‌రోల్‌మెంట్ జరగలేదు. 30 ఏళ్లలోపు విద్యార్థులు మామూలుగా పబ్లిక్ బీమాలో చేరతారు, నెలకు 140 యూరోలు దాటుతుంది. ప్రైవేటే ఉంచుకుంటామంటే మినహాయింపు తీసుకోవాలి, ఒకసారి తీసుకుంటే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేం. 'నెలకు 35కే' అని ఎవరైనా ఊరిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను ఆఖరి నిమిషంలో పబ్లిక్ బీమాలో చేరి గట్టెక్కాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం వేరే ఉంది. చివరికి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి గోడు చెప్పుకున్నాను. అక్కడున్న మేడమ్ అంతా విని, కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పారు. జూన్‌లో నాకు పంపిన మెయిల్. ఎక్స్చేంజ్ విద్యార్థుల కోసం హాస్టల్‌లో కొన్ని గదులు పక్కన పెట్టాం, కావాలంటే ఈ తేదీలోపు రాయండి అని ఉంది. నేనది చూశాను, చదివాను కూడా. 'రూమ్ అయిపోయింది కదా' అని వదిలేశాను. మామూలుగా ఆ హాస్టళ్లకి వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. ఎవరో మానుకోవడం వల్ల డిసెంబర్‌లో నాకొక గది దొరికింది. ఆ వారమే ఆన్‌మెల్డుంగ్ అయిపోయింది, పది నిమిషాల పని.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. విద్యార్థి సంఘం అస్టా తరఫున విద్యార్థులకి ఉచితంగా లాయర్ సలహా దొరుకుతుంది. ఆ లాయరమ్మ చెప్పింది ఇది: ఓనర్ అనుమతి లేకపోయినా అసలు కిరాయిదారుతో నా ఒప్పందం చెల్లుతుంది, కాబట్టి డిపాజిట్ అతన్నే అడగాలి. ఇంకో మాట కూడా చెప్పింది. డిపాజిట్ మూడు నెలల అసలు అద్దె (ఇతర ఖర్చులు కలపనిది) మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మనకుంది, మొదటి వాయిదా ఇంట్లో దిగినప్పుడే. అంటే మూడు నెలల ముందే, రూమ్ కూడా చూడకుండా నేను మొత్తం కట్టాల్సిన పనే లేదు. లాయర్ ఉత్తరం వెళ్లాక 1,240లో 700 తిరిగొచ్చాయి. ఏజెంటుకిచ్చిన 450 మీద ఆశ వదులుకున్నాను.

కాబట్టి ఎవరికైనా రూమ్ డబ్బు పంపేముందు ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా అడగండి: ఆన్‌మెల్డుంగ్‌కి కాగితం ఇస్తారా, సంతకం ఎవరిది, మెయిల్ బాక్స్ మీద నా పేరు ఉంటుందా? సబ్‌లెట్ (కిరాయిదారే మళ్లీ అద్దెకిచ్చేది) అయితే ఓనర్ అనుమతి పత్రం చూపించమనండి. "ముందు రండి, చూద్దాం" అన్నారంటే ఇవ్వరనే అర్థం. ఓనర్ విదేశంలో ఉన్నాడు, తాళం కొరియర్‌లో పంపుతాడు అనేవాళ్లతో అయితే మాటే వద్దు.

ఇప్పుడే ఇది రాయడానికి కారణం, పోయిన వారం అదే కన్సల్టెన్సీ వాట్సాప్ గ్రూపులో కొత్త ప్రకటన పెట్టింది. బెర్లిన్, వచ్చే వింటర్ సెమిస్టర్, రూమ్ గ్యారంటీ. కింద ఫోటో: నాలుగో అంతస్తు, కిటికీ, చెట్టు. కిటికీకి పసుపు పచ్చ కర్టెన్. ఆ కర్టెన్ నేను కొన్నదే.