చెవిపోటుకు ఆన్‌లైన్‌లో అమ్మే హెర్బల్ చుక్కలు: పసిపిల్లలున్నవాళ్లు జాగ్రత్త

మాటిమాటికీ చెవిపోటు వచ్చే పసిబిడ్డ మీ ఇంట్లో ఉంటే, ఫోన్‌లో కనిపించే హెర్బల్ చెవి చుక్కల జోలికి దయచేసి వెళ్లకండి. నేను వెళ్లాను. పదకొండు నెలల మా బాబు చెవిలో రెండు రోజులు వాటిని పోశాను. ఆ తర్వాత రెండున్నర నెలలు మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఇంకే తల్లీ ఈ పని చేయకూడదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాజమండ్రి. బాబుకి ఏడో నెలలో మొదటిసారి చెవిపోటు వచ్చింది. ముందు మూడు రోజులు జలుబు. నాలుగో రోజు రాత్రి జ్వరం, పడుకోబెడితే చాలు గుక్కపట్టి ఏడుపు. భుజాన వేసుకుని తిరిగితే కాస్త ఊరుకునేవాడు. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకునేవాడు. పిల్లల డాక్టరుగారు చెవిలో లైటు వేసి చూసి, కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉందని చెప్పి అమాక్సిసిలిన్ సిరప్ పది రోజులకు రాశారు. నాలుగో రోజుకే జ్వరం తగ్గి పిల్లాడు ఆడుకుంటుంటే నేను మందు ఆపేశాను. అది తప్పు. రెండేళ్లలోపు పిల్లలకి పది రోజులు రాశారంటే పది రోజులూ వేయాల్సిందే.

తొమ్మిదో నెలలో మళ్లీ వచ్చింది. సంక్రాంతి వెళ్లిన వారానికి మూడోసారి. ఆరు నెలల్లో మూడుసార్లు వస్తే డాక్టర్లు దాన్ని తిరగబెట్టే చెవి ఇన్ఫెక్షన్ కింద లెక్కేస్తారట. ఇలాగే సాగితే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టాల్సి రావచ్చని, ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించమని చెప్పి, మళ్లీ యాంటీబయాటిక్ రాశారు. ఆపరేషన్ అనే మాట చెవిన పడ్డాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇన్నిసార్లు యాంటీబయాటిక్ వేస్తే పిల్లాడి ఒంట్లో సత్తువ ఉండదని చుట్టాలు అంటుంటే ఆ టెన్షన్ ఒకటి. ఆ రాత్రి బాబుని ఒళ్లో పెట్టుకునే ఫోన్‌లో వెతికాను. అరగంట తిరక్కుండా ప్రకటనలు మొదలయ్యాయి.

"ఆపరేషన్ లేదు, యాంటీబయాటిక్ లేదు. ఏడు రోజుల్లో చెవిపోటు, చీము, చెవుడు మాయం. పుట్టిన బిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా వాడొచ్చు." వీడియోలో ఒక తల్లి కళ్లు తుడుచుకుంటూ మాట్లాడుతోంది. రెండు సీసాలు 1,299 రూపాయలు, డబ్బు ఇంటి దగ్గరే ఇవ్వొచ్చు. కింద వందల కామెంట్లు. "రాత్రి వేశాం, పొద్దున్నకి పాప హాయిగా నిద్రపోయింది" అన్నట్టు అన్నీ అలాంటివే. నన్ను పడగొట్టింది ఆ కామెంట్లే. డాక్టరుగారు రాసిన సిరప్ కొనలేదు. రెండు రోజులు పారాసిటమాల్‌తో నెట్టుకొచ్చి, ఆ పార్శిల్ కోసం ఎదురుచూశాను.

ఆ సీసా ఎలా ఉంటుందో చెబుతాను, మీకు కనబడితే గుర్తుపట్టడానికి. 15 మిల్లీలీటర్ల గోధుమరంగు గాజు సీసా, రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపరు. మూత తీస్తే లవంగం, వెల్లుల్లి, మాడిన ఆవనూనె కలిసిన ఘాటు వాసన. మెరిసే స్టిక్కర్ మీద ఆకుల బొమ్మలు, నూటికి నూరు శాతం నేచురల్ అనే ముద్ర, "మార్కెటెడ్ బై" అని ఒక పేరు, ఒక మొబైల్ నంబరు. అంతే. తయారుచేసింది ఎవరో లేదు. లైసెన్సు నంబరు లేదు. బ్యాచ్ నంబరు అని అచ్చువేసిన చోట ఖాళీ గీత ఉంది. నిజమైన ఆయుర్వేద మందైతే తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, ఏయే దినుసులు ఎంతెంత కలిపారో అన్నీ లేబుల్ మీద ఉండాలి. కొట్లో పప్పు ప్యాకెట్ కొన్నా తేదీ చూసే నేను, బిడ్డ చెవిలో పోసేదాని మీద తేదీ చూడలేదు.

మా అత్తయ్య నూనెలో వెల్లుల్లి కాచి పోద్దామంటే వద్దని ఆపినదాన్ని నేనే. ఆవిడ ఇంట్లో శుభ్రంగా కాచి పోస్తానన్న నూనెనే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు సీసాలో నింపి పంపితే, దాన్ని మందు అనుకున్నాను. ఆ సాయంత్రం బాబుకి 102 జ్వరం ఉంది. కుడి చెవిలో మూడు చుక్కలు వేశాను. ఒళ్లంతా విల్లులా వంచి వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. రాత్రి రెండింటి దాకా ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఊరుకున్నాడు. అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. మందు పనిచేసిందని మా అక్కకి ఆ రాత్రే మెసేజ్ పెట్టాను.

పొద్దున లేచి చూస్తే దిండు మీద రూపాయి బిళ్లంత పసుప్పచ్చ మరక, మధ్యలో సన్నటి నెత్తుటి చార. చెవి పక్కన జుట్టు అట్టకట్టి ఉంది. సీసా మీది నంబరుకి ఫోన్ చేశాను. డాక్టర్‌నని చెప్పుకున్న ఒకతను చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "లోపలున్న చెడంతా బయటికి వచ్చేస్తోందమ్మా, చాలా మంచి సూచన. ఇప్పుడు ఆపితే మళ్లీ లోపల గడ్డకడుతుంది. అయిదు చుక్కలు చేయండి, మూడు పూటలా" అన్నాడు. నేను చేశాను. మూడో రోజుకి చెవి రంధ్రం వాచి మూసుకుపోయింది, ముట్టుకోనివ్వడం లేదు, దగ్గరికి తీసుకుంటే దుర్వాసన. మా ఆయన సెలవు పెట్టి వచ్చి, నన్నూ బిడ్డనీ బండి ఎక్కించుకుని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ మేడమ్ మైక్రోస్కోప్ కింద చూస్తూ సన్నటి గొట్టంతో చెవిలోంచి నూనె, చీము పీల్చి తీశారు. మేమిద్దరం కాళ్లూ చేతులూ పట్టుకున్నాం. తర్వాత తెర మీద మాకు చూపించారు. కర్ణభేరిలో మిరియపు గింజంత కూడా లేని చిల్లు. చెవి దారిలో చర్మమంతా ఘాటు నూనెకి కమిలి ఎర్రగా ఉంది.

ఆరోజు ఆవిడ చెప్పింది నేను జన్మలో మరచిపోను. పిల్లల చెవిపోటు కర్ణభేరికి అవతల, మధ్యచెవిలో వస్తుంది. ముక్కు వెనకనుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లకి అది వాలుగా ఉంటుంది, పసిపిల్లలకి పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది మూసుకుపోయి లోపల నీరు నిలుస్తుంది, అందులో సూక్ష్మజీవులు పెరిగి చీమవుతుంది. ఆ చీము లోపలినుంచి కర్ణభేరిని తోస్తుంటే వచ్చేదే ఆ నొప్పి. పడుకోబెడితే ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఏడుస్తారు. కర్ణభేరి బాగున్నంతవరకు బయటనుంచి పోసే ఏ చుక్కా అవతలికి చేరదు. చీము ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడితే అప్పుడు పోసినవన్నీ నేరుగా లోపలికే పోతాయి. అంటే కర్ణభేరి బాగున్నప్పుడు ఆ నూనె లోపలి చీముని ఏమీ చేయలేదు, చిల్లుపడితే మరో జబ్బు తెస్తుంది.

మరి బాబు ఆ రాత్రి ఎందుకు నిద్రపోయాడు? అదే అడిగాను. కర్ణభేరి చిల్లుపడిన క్షణంలో ఒత్తిడి తగ్గి నొప్పి ఒక్కసారిగా పోతుందట. నేను మందు పనిచేసిందని సంతోషపడిన ఆ అయిదు నిమిషాలు, నా బిడ్డ కర్ణభేరి చిరిగిన అయిదు నిమిషాలు. మేడమ్ ఇంకో మాట కూడా చెప్పారు. చాలా మంది పిల్లలకి చెవిపోటు రెండు మూడు రోజుల్లో దానంతటదే నెమ్మదిస్తుంది, ఆ సమయంలో ఏది పోసినా దానికే పేరొస్తుంది. ఆ కామెంట్లు అన్నీ డబ్బిచ్చి రాయించినవి కాకపోవచ్చు. చాలామంది నాలాంటి తల్లులే, ఆ మర్నాడు పొద్దున దిండు చూడకముందు రాసుంటారు. అందుకే చెబుతున్నాను, చెవి మందు విషయంలో "మా పాపకి తగ్గింది" అనే మాటని, అది ఎంత నిజాయితీగా చెప్పినా సరే, నమ్మి కొనకండి.

ఆ చిల్లు ఆ చుక్కల వల్లే పడిందని మేడమ్ అనలేదు. సిరప్ వేయకుండా అన్ని రోజులు వృథా చేయడం, చిల్లు పడ్డాక కూడా నూనె పోయడం, ఈ రెండూ మా బాబుని బాధపెట్టాయి. చెవి కారుతుంటే డాక్టర్లు కూడా చుక్కలు రాస్తారు, కానీ సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి, కర్ణభేరికి చిల్లున్నా వాడగలిగినవి. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి చిల్లు దాటి లోపలికి వెళితే వినికిడికే ముప్పు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి వాడగా మిగిలిన చుక్కలు కూడా పిల్లలకి పోయకండి. చెవిలో లైటు వేసి చూసినవాళ్లు రాయకుండా ఏదీ వద్దు. ఆ సీసాతో పాటు గులిమి తీసే పుల్ల ఒకటి ఉచితమని పంపారు, దాన్ని కూడా వాడకండి. చెవికి పెట్టి వెలిగించే కొవ్వొత్తులు కూడా ఇలాగే అమ్ముతున్నారు. అవి గులిమిని పీల్చవు, వేడి మైనం చెవిలో పడే ప్రమాదం ఉంది.

మూడు వారాలు స్నానం చేయించినప్పుడల్లా దూదికి వాజ్‌లైన్ రాసి చెవికి అడ్డం పెట్టాం. చిల్లు దానంతటదే మూసుకుంది. కానీ లోపల నీరు మిగిలింది. కర్ణభేరి కదలికని చూసే టింపనోమెట్రీ పరీక్షలో కాగితం మీద గుట్టలా లేచి దిగాల్సిన గీత చదునుగా వచ్చింది. వెనకనుంచి గిలక్కాయ ఊపితే కుడివైపు తిరిగేవాడు కాదు. మాటలు నేర్చుకునే వయసు. "అత్త", "తాత" అనడం మొదలుపెట్టినవాడు ఆపేశాడేమో అని ప్రతిరోజూ లెక్కపెట్టుకునేదాన్ని. ఈ నీరు చాలామందికి మూడు నెలల్లో తగ్గిపోతుందని, తగ్గకపోతే వినికిడి పరీక్ష చేసి అప్పుడు గ్రోమెట్ గురించి ఆలోచిద్దామని మేడమ్ ధైర్యం చెప్పారు. గ్రోమెట్ అంటే నేను ఊహించుకున్నంత భయంకరమైనదేమీ కాదు. కొద్ది నిమిషాల పని, చాలామందికి కొన్ని నెలలకి దానంతటదే ఊడిపోతుంది. ఆ భయాన్ని ఎవరో సొమ్ము చేసుకున్నారు. పోయిన వారం పరీక్షలో గీత గుట్టలా లేచింది. ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను.

ఈలోగా మేము మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం మానేశాను, తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టే పడుతున్నాను. మా ఆయన ఇంట్లో సిగరెట్ మానేశారు, బాబు గదిలో దోమల కాయిల్ తీసేసి దోమతెర కట్టాం. జ్వరం వల్ల తొమ్మిదో నెలలో తప్పిపోయిన పీసీవీ బూస్టర్ వేయించాం. న్యుమోకోకస్ అనే సూక్ష్మజీవి మీద పనిచేసే టీకా అది. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వమే ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తోంది. అన్ని చెవిపోట్లనీ ఆపదు గానీ కొన్నింటిని ఆపుతుంది. మీ పిల్లల కార్డు ఒకసారి చూసుకోండి.

చెవి వెనక వాచి చెవి ముందుకి నెట్టుకొచ్చినట్టున్నా, మొహం ఒక పక్కకి జారినా, బిడ్డ మగతగా ఉన్నా, ఆరు నెలలు నిండని బిడ్డకి జ్వరంతో చెవి బాధ ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ప్రైవేటులో చూపించే స్థోమత లేకపోతే హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి.

డబ్బు సంగతి. సీలు తీశారు కాబట్టి తిరిగివ్వం అన్నారు. వాళ్ల ప్రకటన కింద జరిగింది రాస్తే పది నిమిషాల్లో తీసేసి నన్ను బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, జిల్లా ఔషధ నియంత్రణ కార్యాలయానికి కూడా రాసిచ్చాను. చెవుడు తగ్గిస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరమని అప్పుడే నాకు తెలిసింది. మీరు ఇప్పటికే కొని ఉంటే సీసా పారేయకండి. ప్రకటన స్క్రీన్‌షాట్, పార్శిల్ కవరు, డెలివరీ మెసేజ్, లేబుల్ ఫోటో అన్నీ దాచుకోండి. ఫిర్యాదుకి అవే కావాలి. నా రెండో సీసా సీలు తీయకుండానే ఉంది, అధికారులు అడిగితే ఇస్తాను.

నిన్న రాత్రి అదే వీడియో మళ్లీ కనిపించింది. అదే తల్లి, అవే కన్నీళ్లు, అవే కామెంట్లు. సీసా మీద మాత్రం పేరు మారింది, ధర 999 అయింది.