క్రూజ్‌లో 'ఓవర్‌నైట్ పోర్ట్ స్టే' కోసం ఎక్కువ కడుతున్నారా? ముందు ఇది చదవండి

షిప్ రాత్రంతా పోర్టులోనే ఉంటుంది, తీరిగ్గా ఊరు చూసి రావచ్చు అనే మాట మీద క్రూజ్ బుక్ చేయబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షిప్ ఏ రేవులో ఆగుతుంది, ఎన్ని గంటలు ఆగుతుంది, ఆ రాత్రి రద్దు చేస్తే ఎంత వాపసు ఇస్తారు... ఈ మూడూ రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా ఆ రాత్రి పేరు చెప్పి అడిగే అదనపు డబ్బు కట్టకండి.

మేము తీసుకున్న క్రూజ్‌లో బ్యాంకాక్ దగ్గర ఒక రాత్రి ఆగుతుందని రాసి ఉంది. దాదాపు అదే దారిలో, ఆ రాత్రి లేకుండా వెళ్లే ట్రిప్ బాగా చౌకగా దొరుకుతోంది. అయినా దీన్నే తీసుకున్నాం. చావో ప్రాయా నది ఒడ్డున రాత్రి దీపాల్లో వాట్ అరుణ్ గుడి చూడాలని మా అత్తమ్మకి ఎన్నాళ్లుగానో కోరిక. బ్రోచర్ మొదటి పేజీలో వేసిన ఫొటో కూడా సరిగ్గా అదే.

షిప్ ఆగింది లేమ్ చబాంగ్‌లో. అది పెద్ద కంటైనర్ పోర్టు. అక్కడి నుంచి బ్యాంకాక్ సుమారు 130 కిలోమీటర్లు. దారి ఖాళీగా ఉంటే రెండు గంటలు, ట్రాఫిక్‌లో పడితే ఇంకా ఎక్కువ. నదిలో పైదాకా వెళ్లి ఊళ్లోని ఖ్లాంగ్ తోయి రేవుకి చేరగలిగేవి చిన్న షిప్పులే, పెద్దవాటికి ఆ నది చాలదు. ఈ సంగతి క్రూజ్ అమ్మే ఏజెంట్లకి తెలియనిది కాదు. మాకు ఇచ్చిన ఇటినరీలో మాత్రం 'బ్యాంకాక్' అనే ఉంది.

అంతటితో అయిపోతే సర్దుకునేవాళ్లమే. సముద్రంలో ఉండగా ఒక సాయంత్రం క్యాబిన్ తలుపు కింద నుంచి లెటర్ వచ్చింది. 'ఆపరేషనల్ కారణాల వల్ల' షిప్ మర్నాడు సాయంత్రం కాకుండా తెల్లవారకముందే బయల్దేరుతుందట. ఆ కారణాలేమిటో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం చేరాక అధికారుల క్లియరెన్స్ వచ్చేదాకా ఎవర్నీ దిగనివ్వలేదు. షటిల్ బస్సు ఊళ్లోకి చేరేసరికి చీకటి పడుతోంది. దింపింది ఒక షాపింగ్ మాల్ ముందు, తిరిగి వెళ్లే ఆఖరి బస్సు రాత్రి ఎనిమిదికే. నది దాకా వెళ్లే టైమ్ లేదు. అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు, కానీ తిరుగు ప్రయాణంలో ఆవిడ ముఖం చూస్తే నా కడుపు మండిపోయింది.

వాపసు గురించి అడిగితే వచ్చిన జవాబు వినండి. షిప్ ఒక పోర్టుకి అసలు వెళ్లకపోతే ఆ పోర్టు తాలూకు పన్నులు, ఫీజులు తిరిగి ఇస్తారట. ఇక్కడ షిప్ వెళ్లింది, ఆగింది, కాబట్టి ఇవ్వాల్సింది ఏమీ లేదట! అందరూ గమనించాల్సింది ఇక్కడే. పోర్టు మొత్తం ఎగ్గొడితే కొంతైనా చేతికి వస్తుంది. రాత్రి బసను కొన్ని గంటలకి కుదిస్తే, మీరు ఎక్కువ డబ్బు కట్టింది దానికోసమే అయినా, సాధారణంగా పైసా రాదు. ఏజెంట్‌ని అడిగితే కంపెనీతో మాట్లాడమన్నాడు, కంపెనీవాళ్లు టికెట్ కాంట్రాక్ట్ చదవమన్నారు.

చదివాను. టైమింగ్స్ మార్చడానికి, పోర్టు మార్చడానికి, వదిలేయడానికి కంపెనీకి హక్కు ఉందని, నష్టపరిహారం ఉండదని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఈ ఒక్క కంపెనీయే కాదు, క్రూజ్ కాంట్రాక్టుల్లో మామూలుగా ఉండే షరతే ఇది. గొడవ వస్తే ఏ ఊరి కోర్టుకి వెళ్లాలో కూడా వాళ్లే రాసుకుంటారు. 1991లో కార్నివాల్ క్రూజ్ లైన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి షరతు చెల్లుతుందనే తీర్పు చెప్పింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే ప్రయాణికులు టికెట్ మీదున్న అచ్చు ప్రకారం ఫ్లోరిడా కోర్టుకే వెళ్లాలని దాని అర్థం. యూరప్‌లో పరిస్థితి కొంచెం నయం. ప్యాకేజీ ట్రిప్పుల మీద యూరోపియన్ యూనియన్ 2015లో తెచ్చిన ప్యాకేజీ ట్రావెల్ డైరెక్టివ్ అనే నిబంధన ప్రకారం, బయల్దేరకముందే ప్రయాణంలోని ముఖ్యమైన అంశాన్ని కంపెనీ బాగా మార్చేస్తే, ఫీజు లేకుండా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. అందుకే ఎక్కడ, ఏ దేశపు చట్టం కింద బుక్ చేస్తున్నారనేది చిన్న విషయం కాదు. ఆ రాత్రి మీకు ముఖ్యమైతే, దానికోసమే ఈ ట్రిప్ తీసుకుంటున్నట్టు బుకింగ్ ముందే ఈమెయిల్‌లో రాసి పెట్టండి. నోటి మాటకి తర్వాత సాక్ష్యం ఉండదు.

ఊరి పేరు ఒకటి, రేవు ఇంకొకటి కావడం బ్యాంకాక్ ఒక్కదాని సమస్య కాదు. పారిస్ అంటే లె హావ్ర్, దాదాపు 200 కిలోమీటర్లు. రోమ్ అంటే చివితావెక్కియా. బెర్లిన్ అంటే వార్నెమ్యుండే, రైల్లో దాదాపు మూడు గంటలు. హో చి మిన్ సిటీకి వెళ్లే పెద్ద షిప్పులు ఆగేది ఫూ మీలో. వెనిస్ నడిబొడ్డున జ్యుదెక్కా కాలువలోంచి షిప్ వెళ్తున్న పాత ఫొటోలు చూసి మోసపోకండి. 2021 ఆగస్టు నుంచి పెద్ద షిప్పులకి ఆ దారి మూసేశారు. వెనిస్ పేరుతో అమ్మే ట్రిప్పుల్లో కొన్ని రవెన్నా, త్రియెస్తే లాంటి వేరే ఊళ్ల నుంచి నడుస్తున్నాయి. ఒకే ఊళ్లో కూడా తేడాలుంటాయి. హాంకాంగ్‌లో ఓషన్ టెర్మినల్ అయితే దిగగానే ఊళ్లో ఉంటారు. కై తాక్ అయితే పాత ఎయిర్‌పోర్ట్ రన్‌వే చివర దిగుతారు, బస్సో ట్యాక్సీయో పట్టుకోవాలి. రాత్రి బసకి నిజంగా విలువ ఉన్న చోట్లు లేకపోలేదు. ఇస్తాంబుల్‌లో 2021లో తెరిచిన గలాటాపోర్ట్ నుంచి నడిచే ఊరు చూడొచ్చు. అలాంటి చోట ఎక్కువ కట్టినా నేను తప్పు పట్టను.

వీసా విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. షిప్ ప్రయాణికులకి వీసా అక్కర్లేదని ఏజెంట్లు తేలిగ్గా అనేస్తారు. ఆ సడలింపు మీ పాస్‌పోర్ట్‌కి వర్తిస్తుందా, రాత్రి బసకి కూడా ఉంటుందా, సొంతంగా తిరగొచ్చా అని విడివిడిగా అడగండి. పెద్ద క్రూజ్‌లు సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లే రోజుల్లో 72 గంటల దాకా వీసా లేని అనుమతి ఉండేది, కానీ లైసెన్స్ ఉన్న టూర్‌తో దిగినవాళ్లకే. మిగతావాళ్లు సాయంత్రం షిప్‌లో కూర్చుని ఒడ్డు చూడాల్సిందే.

రాత్రి షిప్‌లోనే ఉండిపోదామనుకునేవాళ్లకి ఒక మాట. పోర్టులో ఉన్నంతసేపూ కాసినో, డ్యూటీ ఫ్రీ షాపులు చాలాచోట్ల మూసేస్తారు. కంటైనర్ టెర్మినల్ పక్కన ఆగితే క్రేన్ల చప్పుడు, లైట్ల వెలుగు తెల్లారేదాకా ఉంటాయి.

బుక్ చేసే ముందు ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టి అడగండి: టెర్మినల్ పేరేమిటి, ఊరి మధ్యకి ఎంత దూరం, రేవుకి ఆనుకుని ఆగుతుందా లేక దూరంగా లంగరు వేసి టెండర్ బోట్లలో, అంటే ఒడ్డుకి చేర్చే చిన్న పడవల్లో, దింపుతారా, రాత్రి ఆఖరి షటిల్ లేదా బోటు ఎన్నింటికి, మర్నాడు అందరూ ఎక్కేయాల్సిన టైమ్ ఎంత. ఆ టైమ్ షిప్ గడియారం ప్రకారమా, అక్కడి స్థానిక సమయమా అన్నది కూడా అడగండి, రెండూ ఒకటి కానక్కర్లేదు. ఇటినరీ పేజీని బుక్ చేసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు. చాలా పోర్టులు ఏ షిప్ ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు వెళ్తుంది అనే షెడ్యూల్ పెడతాయి. కంపెనీ చెప్పిన గంటలతో దాన్ని పోల్చి చూడండి. ఒడ్డున హోటల్ తీసుకుంటుంటే రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చేదే తీసుకోండి, మా షిప్‌లో ఒక జంటకి హోటల్ డబ్బు మొత్తం పోయింది.

షిప్ మీద ఉండగా మార్పు లెటర్ వస్తే పారేయకండి. గెస్ట్ సర్వీసెస్‌లో ఫిర్యాదు రాసిచ్చి కాపీ తీసుకోండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేయడానికి గడువు ఉంటుంది, కంపెనీ జవాబు కోసం చూస్తూ ఆ గడువు దాటనివ్వకండి.

ఫలానా ఊళ్లో రాత్రి గడపడమే మీ కోరికైతే, ఆ ఊళ్లో గానీ దాని దగ్గరి పోర్టులో గానీ మొదలయ్యే లేదా ముగిసే క్రూజ్ వెతకండి. ముందో వెనకో సొంతంగా హోటల్ తీసుకుని ఉంటే ఆ రాత్రిని ఏ కెప్టెనూ కుదించలేడు. మేము అత్తమ్మని ఈసారి అలాగే తీసుకెళ్తున్నాం.