నియమాల పుస్తకమా, గేమ్ మాస్టర్ ఆశువుగా ఇచ్చే తీర్పా?

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చినప్పటి నుంచీ పాత్రధారణ ఆటల్లో, అంటే ఆటగాళ్లు తలో పాత్రగా కథను నడిపిస్తుంటే గేమ్ మాస్టర్ దాన్ని నిర్వహించే ఆటల్లో, ఉన్న సందేహమే ఇది.

ఖర్చు: పాత్‌ఫైండర్ అనే ఆట నియమాలు వందల పుటలు, ఆన్‌లైన్‌లో ఉచితం. లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే ఆటవి ఒక్క పుట, అదీ ఉచితమే.

శ్రమ: నియమాలైతే అందరూ చదవాలి. ఆశువైతే భారమంతా గేమ్ మాస్టర్‌దే.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. పాత్ర గోడ మీది నుంచి దూకి శత్రువు మెడ పట్టుకోబోయిందనుకోండి. నియమం ఉంటే పాచిక తేలుస్తుంది, కానీ పుట వెతికేలోగా ఉత్కంఠ చల్లారుతుంది. లేకపోతే గేమ్ మాస్టర్ అక్కడికక్కడే తేలుస్తారు, ఆట ఆగదు. అయితే నిన్న ఒకరికి కుదిరినది నేడు మరొకరికి కుదరకపోతే పక్షపాతం అనిపిస్తుంది. నా దృష్టిలో ఈ గాయమే పెద్దది. అందుకే ఇచ్చిన ప్రతి తీర్పునూ రాసి పెట్టుకోవాలి.

నెలల తరబడి సాగే కథకు, వ్యూహప్రియులకు నియమాలు. ఒక్క సాయంత్రపు ఆటకు, ఒకరినొకరు నమ్మే మిత్రులకు ఆశువు.