ఎప్లీ మంచిదే, కానీ ముందు పడుకోబెట్టి చూసేవాళ్లు దొరకాలి

బీపీపీవీ అంటే లోపలి చెవిలో తేడా వల్ల తల కదిపినప్పుడల్లా కళ్లు తిరిగే జబ్బు, ఎప్లీ అంటే తలని ఒక వరసలో తిప్పి దాన్ని తగ్గించే పద్ధతి. బీపీపీవీ ఉన్నవాళ్లకి ఎప్లీ ఎలా చేయాలో నేను చెప్పక్కర్లేదు, యూట్యూబ్ నిండా అవే వీడియోలు. పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే గది గిర్రున తిరగడం ఎలా ఉంటుందో కూడా చెప్పక్కర్లేదు. కొన్నేళ్లుగా ఎప్లీతోనే నెట్టుకొస్తున్నాను. అయినా నాకు చెప్పాలనిపించేది దానికి ముందు చేసే పరీక్ష గురించి.

మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో పైత్యమన్నారు, అల్లం రసం తాగించారు. తర్వాత బీపీ, షుగరు. ఆ తర్వాత ఓ పెద్దాసుపత్రిలో మెడ ఎక్స్‌రే తీసి స్పాండిలైటిస్ అని కాలర్ తగిలించారు. నలభై దాటినవాళ్లలో చాలామందికి మెడ ఎక్స్‌రే తీస్తే ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుందని తర్వాత తెలిసింది. కాలర్‌తో తగ్గినట్టే ఉండేది. మెడ కదలనివ్వకపోతే కళ్లు ఎలా తిరుగుతాయి మరి! పైగా ఈ జబ్బు చాలామందిలో కొన్ని వారాలకి దానంతటదే సర్దుకుంటుంది, ఆ పేరు కాస్తా కళ్లు తిరక్కుండా ఇచ్చే బీటాహిస్టిన్ గోళీలు కొట్టేస్తాయి. అవి నెలల తరబడి మింగాను.

ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు. నా కోపమంతా అక్కడే. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు లండన్‌లో ఈ పరీక్ష సంగతి రాసింది 1952లో. మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నిమిషం పని.

చివరికి ఓ చిన్న క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టమ్మాయి చేసింది. తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల బల్ల అంచు నుంచి కాస్త కిందికి వేలాడేలా పట్టుకుంది. "కళ్లు మూసుకోకండమ్మా, నా ముక్కు వైపే చూడండి" అంది. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. ఇంకేం రాదులే అనుకునేలోపు మొత్తం తిరగడం మొదలైంది. మా ఆయన ఫోన్లో వీడియో తీశారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తుంటాను: నల్లగుడ్డు నుదుటి వైపు ఎగురుతూ, కుడి చెవి వైపు మెలి తిరుగుతూ టకటకా కొట్టుకుంటోంది. అరనిమిషంలో నెమ్మదించి ఆగిపోయింది. ఆ మెలికని బట్టే ఆ అమ్మాయి కుడి చెవి, వెనక గొట్టం అని తేల్చేసింది. లోపలి చెవిలో ఓ సంచికి అంటుకుని ఉండాల్సిన సున్నపు రేణువులు ఊడి, వంపు గొట్టాల్లో ఒకదాంట్లోకి జారిపోవడమే అసలు రోగం. అప్పటికప్పుడే ఎప్లీ చేసి, ఆ రేణువుల్ని వచ్చిన దారినే వెనక్కి పంపింది. ఆ రాత్రి కుడి పక్కకి తిరిగి పడుకున్నాను, ఏమీ కాలేదు. అమెరికాలో ఎప్లీ గారు దీన్ని కనిపెట్టాక కూడా తోటి డాక్టర్లు చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదట. 1992లో ఆయన వ్యాసం అచ్చయ్యాక గానీ బాగా వ్యాపించలేదు.

ఇక అప్పట్నుంచి మళ్లీ వచ్చినప్పుడల్లా భుజాల కింద దిండు పెట్టుకుని ఇంట్లోనే. కనపడిన వాళ్లందరికీ "మందూ మాకూ లేదు, రెండు నిమిషాల పని" అని ప్రచారం చేశాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను.

ఎందుకంటే మొన్న సంక్రాంతికి ఎదురు తన్నింది. భోగి పొద్దున లేస్తూనే పాత తిరుగుడు. మామూలుగానే ఎప్లీ చేసుకున్నాను. తగ్గకపోగా, అంతకుముందు కుడి పక్కకే వచ్చేది ఎడమకి తిరిగినా వస్తోంది. అరనిమిషంలో పోయేది ఇప్పుడు ఎంతకీ పోదు. వంటింట్లో అరిసెలు వేగుతుంటే ఆ వాసనకి ఒకటే వాంతులు. ఇంకోసారి చేశాను, ఇంకా ఎక్కువైంది. పండగ వెళ్లాక మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తే ఈసారి వెల్లకిలా పడుకోబెట్టి, తల ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిప్పి చూసింది. రెండు వైపులా కళ్లు నేల వైపుకే కొట్టుకుంటున్నాయి, కుడికి తిప్పినప్పుడు జోరెక్కువ. వెనక గొట్టంలోని రేణువులు ఎప్లీ చేస్తుండగానే పక్క గొట్టంలోకి దూరాయంది. ఇలా జరగడం తెలిసిన సంగతేనట. ఆ గొట్టానికి ఎప్లీ పనికిరాదు. బల్ల మీద మంచి చెవి వైపుగా పావు చుట్టు చొప్పున ఆపుతూ ఒక పూర్తి చుట్టు దొర్లించింది. బార్బెక్యూ రోల్ అంటారట. మా ఆయన మాత్రం "నీకు పొర్లుదండాలు రాసిపెట్టి ఉన్నాయి" అన్నారు. సాయంత్రానికి సగం, మర్నాటికి మొత్తం పోయింది.

అందుకే పక్కింటి పిన్నిగారు "నాక్కూడా చెయ్యమ్మా" అంటే చేయలేదు. ఆవిడకి తిరుగుడొస్తే మధ్యాహ్నమంతా ఉంటుంది, చెవి దిబ్బడేసి, లోపల హోరు, వినికిడి కూడా తగ్గుతుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయిస్తే మెనియర్స్ అనే వేరే చెవి జబ్బని తేలింది. దానికి ఎప్లీ చేస్తే ఆయాసం తప్ప ఏమీ ఉండదు. ఇక తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనపడినా, నిలబడలేకపోయినా చెవి సంగతి పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకే.

ఈ మధ్య డి విటమిన్ కూడా చూపించుకున్నాను, బాగా తక్కువుంది. తక్కువున్నవాళ్లకి డి విటమిన్, కాల్షియం ఇస్తే ఇది తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో కొరియావాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. నేనూ వేసుకుంటున్నాను. సంక్రాంతి తర్వాత మళ్లీ రాలేదు, అది గోళీల వల్లో, ఊరకనో చెప్పలేను.

ఎప్లీని ఇప్పటికీ వదల్లేదు. నా మెడ బాగానే ఉంది, ఏ చెవో ముందే తెలుసు, చివర్న లేచి కూర్చునేటప్పుడు ఒక్కోసారి ముందుకి తోసేసినట్టవుతుంది కాబట్టి భుజం పట్టుకోవడానికి మా ఆయన ఉంటారు. మా అత్తయ్యకి వస్తే మాత్రం ఇంట్లో చేయను. ఆవిడ మెడ ఎముకలు అసలే బలహీనం, ఆటో ఎక్కించి ఆ అమ్మాయి దగ్గరికే తీసుకెళ్తాను.