షట్‌డౌన్, స్లీప్, హైబర్నేట్, రీస్టార్ట్: వీటిలో ఏది ఎప్పుడు మేలు?

ఇంట్లో విండోస్ కంప్యూటర్‌పై పని ముగియగానే షట్‌డౌన్ నొక్కడం చాలామందికి అలవాటు. రాత్రంతా ఆపి ఉంచితే మర్నాడు అన్నీ కొత్తగా మొదలవుతాయని మన నమ్మకం, నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. ఒకరోజు ప్రింటర్‌కు పంపిన పేజీ ఎంతకీ బయటకు రాకపోవడంతో, కారణం వెతుకుతూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ గ్రాఫ్ కింద ‘అప్ టైమ్’ అనే చోట నాలుగు అంకెలు వరుసగా కనిపిస్తాయి, వాటిలో మొదటిది రోజుల లెక్క. అక్కడ 19 అని ఉంది. ప్రతి రాత్రీ షట్‌డౌన్ చేస్తున్న కంప్యూటర్ తన లెక్కలో మాత్రం 19 రోజులుగా నడుస్తూనే ఉంది! రీస్టార్ట్ చేశాక పేజీ వచ్చింది.

దీనికి కారణం ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ పద్ధతిలో, షట్‌డౌన్ నొక్కినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ, విండోస్ మూలభాగమైన కెర్నల్, దానితోపాటు డ్రైవర్లు (ప్రింటర్, వైఫై వంటి వాటిని నడిపే చిన్న ప్రోగ్రాములు) అప్పుడున్న స్థితిలోనే డిస్క్‌పై భద్రమై, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లేస్తాయి. అందువల్ల కంప్యూటర్ త్వరగా తెరుచుకుంటుంది, అయితే డ్రైవర్‌లో తలెత్తిన చిక్కు కూడా దానితోపాటే తిరిగి రావచ్చు. రీస్టార్ట్ మాత్రం అన్నిటినీ మొదటి నుంచి లోడ్ చేస్తుంది. కాబట్టి కంప్యూటర్ మొరాయించినప్పుడు షట్‌డౌన్ కంటే రీస్టార్టే మేలని నేను గట్టిగా చెబుతాను. పూర్తిగా ఆపవలసి వస్తే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ ఎంచుకోవాలి. ఒకే కంప్యూటర్‌లో విండోస్‌తోపాటు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాడేవారు ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేయడమే మంచిది, లేకపోతే విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లను లినక్స్‌లో మార్చడానికి వీలుకాని పరిస్థితి ఎదురవుతుంది.

రోజువారీ వాడకంలో అసలు పోటీ స్లీప్‌కూ హైబర్నేట్‌కూ మధ్యనే ఉంది. స్లీప్‌లో ర్యామ్‌కు (తెరిచిన పనులను తాత్కాలికంగా దాచుకునే మెమరీకి) మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూ ఉంటుంది కాబట్టి, మీట తాకగానే తెరిచిన పేజీలన్నీ క్షణాల్లో కళ్లముందుంటాయి. అయితే ర్యామ్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. డెస్క్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి వెళ్లిన రాత్రి కరెంటు పోయి, సేవ్ చేయని నాలుగు పేజీల ఉత్తరాన్ని నేను మళ్లీ మొదటి నుంచి రాయవలసి వచ్చింది. హైబర్నేట్‌లో ఆ భయం లేదు. ర్యామ్‌లో ఉన్నదంతా ‘హైబర్‌ఫిల్’ అనే ఫైల్‌గా డిస్క్‌లోకి చేరాకే యంత్రం ఆగుతుంది కనుక, ప్లగ్ తీసేసినా పని ఎక్కడ ఆపామో అక్కడే ఉంటుంది. అయితే తిరిగి లేవడానికి స్లీప్ కంటే కొంత ఎక్కువ సమయం పడుతుంది, డిస్క్‌లో కొన్ని గిగాబైట్ల చోటూ పోతుంది.

హైబర్నేట్ వాడితే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే డిస్క్) త్వరగా అరిగిపోతుందనే భయం చాలామందిలో ఉంది. లెక్క వేసి చూద్దాం. ఒక్కోసారి 4 గిగాబైట్ల చొప్పున రోజూ రాస్తే, ఏడాదికి దాదాపు ఒకటిన్నర టెరాబైట్లు అవుతుంది. 500 గిగాబైట్ల ఎస్ఎస్‌డీలలో 300 టెరాబైట్ల వరకు రాతను తట్టుకుంటాయని తయారీదారులు హామీ ఇచ్చేవి ఉన్నాయి. వాటి ముందు ఈ రాత ఏపాటిది? ఇంటి వాడకంలో దీని గురించి దిగులు పడనక్కరలేదు.

భోజనానికో మరో పనికో గంటా రెండు గంటలు లేచి వెళ్లేటప్పుడు స్లీప్ చాలు, కాకపోతే లేచే ముందు కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కి ఫైల్ సేవ్ చేయడం మరువకూడదు. రాత్రికి నేను హైబర్నేట్‌నే ఎంచుకుంటాను. ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి ప్రయాణమయ్యేటప్పుడైతే హైబర్నేట్ తప్పనిసరి అనిపిస్తుంది. ఎందుకంటే నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్లీప్‌లో ఉన్నా నెట్‌కు కలిసి చిన్నచిన్న పనులు చేసుకునే ఏర్పాటు ఉంటుంది, దానివల్ల గాలి ఆడని సంచిలో యంత్రం వేడెక్కి, గమ్యం చేరేసరికి బ్యాటరీ అడుగంటవచ్చు. వారానికొకసారి, అప్‌డేట్లు వచ్చినప్పుడు, వైఫై గానీ శబ్దం గానీ ప్రింటర్ గానీ పలకనప్పుడు రీస్టార్ట్ చేయాలి. వారాల తరబడి ఊళ్లో ఉండనప్పుడు పూర్తి షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసివేయడమే సరైన పద్ధతి.

విండోస్ 10, 11లలో హైబర్నేట్ చాలాసార్లు పవర్ మెనూలో కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్లి, ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చే లింకు నొక్కితే, అడుగున హైబర్నేట్ పక్కన గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి సేవ్ చేస్తే చాలు, ఆ రాత్రి నుంచే వాడుకోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేసే గడి కూడా ఆ పేజీలోనే ఉంది.